సీతారావమ్మ గారి పులుసు

నందిగామలో మెయిన్ రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, రెండు బస్సుల జనం చూస్తుండగా, సాంబయ్య చేపల పులుసు దాకని మసిగుడ్డతో పట్టి ఎత్తి తారురోడ్డు మీద వేసి కొట్టాడు. డెబ్భై అయిదో సంవత్సరం, మే నెల. ఎండకి మెత్తబడ్డ తారు మీద ఎర్రటి పులుసు నాలుగు వైపులా పారింది. కొర్రమీను ముక్కలు పెంకుల మధ్య పొగలు కక్కుతూ పడి ఉన్నాయి. కుక్కలు వచ్చాయి గానీ, వేడికి మూతి పెట్టలేక చుట్టూ తిరుగుతున్నాయి.

"దుర్గమ్మ మీద ఒట్టు, నాకు తెలవదు బ్రహ్మయ్య గారూ!" అని సాంబయ్య రోడ్డంతా వినపడేట్టు అరిచాడు. "అంట్లు తోముకుంటదని పెరట్లోకి రానిచ్చాం. మా ఆవిడ అట్టా పక్కకి పోయేసరికి పొయ్యి దగ్గర కూచుంది దొంగముండ!"

బ్రహ్మయ్య పరిటాల మోతుబరి. నందిగామలో ఏ పని ఉన్నా సాంబయ్య హోటల్లో తినిగాని ఇంటికి వెళ్ళేవాడు కాదు. ఆ రోజు ముందు తొట్టిలో నీళ్ళు అయిపోయి, చెయ్యి కడుక్కోవటానికి పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళి చూడకూడనిది చూశాడు. అంట్లు తోమే సౌభాగ్యమ్మ పొయ్యి ముందు పీట వేసుకుని కూచుని, గరిటెతో పులుసు తీసి అరచేతిలో వేసుకుని ఉప్పు చూస్తోంది.

"పేట మనిషి ఎంగిలి చేసిన పులుసు మాకు పోస్తావా?" అన్నాడాయన, ఇంకా తడి ఆరని చెయ్యి దులుపుకుంటూ. "చాలయ్యా సాంబయ్యా. నీ ఇంటి కూడుకో దణ్ణం."

సౌభాగ్యమ్మ పక్క సందు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె సాంబయ్య వైపు చూడలేదు, బ్రహ్మయ్య వైపూ చూడలేదు. వంటింటి గడపలో నిలబడ్డ సాంబయ్య భార్య సీతారావమ్మని చూస్తోంది. ఆవిడ ఒక్క మాట అంటే చాలు. "నేనే కూచోబెట్టా" అంటే చాలు. సీతారావమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. తర్వాత వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

అసలు సంగతి తెలిసినవాళ్ళు అక్కడ ముగ్గురే. మూడేళ్ళుగా ఆ హోటల్లో చేపల పులుసు వండుతున్నది సౌభాగ్యమ్మే.

హైదరాబాదు నించి బెజవాడ పోయే ఆ రోడ్డు మీద ఎక్కడ తినాలన్నది ఆ రోజుల్లో ఎవడూ ముక్కుతో వాసన చూసి తేల్చుకునేవాడు కాదు. ముందు బోర్డు చదివేవాడు. బోర్డు మీద కులం రాసి ఉంటే సరే. లేకపోతే గల్లాపెట్టె దగ్గర కూచున్నాయన ఇంటిపేరు వాకబు చేసేవాడు. ఆ తర్వాతే ఆకలి. వేసవి సెలవుల్లో బందరు సముద్రం చూడటానికి పిల్లాపాపలతో పోయే హైదరాబాదు సంసారాలైనా, కోర్టు పని మీద వచ్చే రైతులైనా అందరిదీ అదే వరస. సాంబయ్య హోటలు మీద ఏదో దేవుడి పేరు రాసి ఉండేది గానీ, దాన్ని ఆ పేరుతో పిలిచినవాడు లేడు. అందరికీ అది సీతారావమ్మ గారి హోటలు. చేపల పులుసుకి పెట్టింది పేరు.

బస్సులు అక్కడ ఆగటానికి ఇంకో కిటుకుంది. ఏ బస్సు ఎక్కడ భోజనాలకి ఆగాలో డ్రైవరు ఇష్టం. డ్రైవరుకీ కండక్టరుకీ లోపలి గదిలో, తెర వెనక, విడిగా ఆకు వేసి ఊరికే పెట్టేవాళ్ళు. ఆ ఆకులో ముక్క బాగుంటే ఆ బస్సు రేపూ అక్కడే ఆగుతుంది. అంటే సాంబయ్య వ్యాపారమంతా తెర వెనక ఆకులో పడే ముక్క మీద నిలబడి ఉంది. ఆ ముక్క సౌభాగ్యమ్మది.

ఆమె పుట్టిల్లు కృష్ణ ఒడ్డున చెవిటికల్లు. తల్లి పుల్లమ్మ కూలికి పోయి, సాయంత్రం ఏటి ఒడ్డున చేపలు పట్టే పల్లెవాళ్ళ దగ్గర మిగిలిన చేప తెచ్చి వండేది. నూనె కొనే తాహతు లేదు. ఉల్లిపాయని నూనెలో వేయించటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పొట్టుతో సహా నిప్పుల్లో పడేసి, నల్లగా కాలాక తీసి, బూడిద దులిపి, రోట్లో దంచి పులుసులో కలిపేది. లేమిలో నేర్చిన వంట అది. దాని వాసన మాత్రం ఏ నేతి వంటకీ రాదు. పన్నెండేళ్ళ వయసుకే సౌభాగ్యమ్మకి ఆ చెయ్యి వచ్చింది. ఇశ్రాయేలుని చేసుకుని నందిగామ ఊరి బయటి పేటకి కాపరానికి వచ్చాక సాంబయ్య హోటల్లో అంట్లకి కుదిరింది.

సీతారావమ్మకి ఉబ్బసం. పొయ్యి పొగ పడదు. మొదట "కాస్త మంట ఎగదొయ్యవే సౌభాగ్యం" అంది. తర్వాత "చింతపండు పిసుకు" అంది. ఒకరోజు ఆయాసం ఎక్కువై గోడకి చేరబడి, "ఏదో ఒకటి నువ్వే కానిచ్చెయ్యవే, బస్సు వచ్చే వేళయింది" అంది. ఆ రోజు సౌభాగ్యమ్మ తనకి తెలిసినట్టు వండింది. తెర వెనక నించి డ్రైవరు రత్తయ్య కేకేశాడు. "అమ్మగారూ, ఇవాళ ఏం చేశారండీ ఇందులో? చెయ్యి కడుక్కోబుద్ధి కావటంలా!"

సీతారావమ్మ గడపలో నిలబడి నవ్వింది. అంతే. మర్నాటి నించీ సాంబయ్యే ఏర్పాటు చేశాడు. సౌభాగ్యమ్మ తెల్లారకముందే పెరటి దోవన రావాలి, వండాలి, బస్సు వచ్చే వేళకి అంట్ల దగ్గరికి పోయి కూచోవాలి. దాకని పొయ్యి మీద నించి దించి బయటికి తెచ్చేది మటుకు సీతారావమ్మ. ఎర్రంచు చీర, నుదుట రూపాయి కాసంత బొట్టు, రెండు చేతుల్లో పులుసు దాక. అలా ఆవిడ నడిచి వస్తుంటే జనం ఆకుల ముందు సర్దుకుని కూచునేవాళ్ళు. దాక పగిలిన రోజున మాత్రం రెండు బస్సులు ఒక్కసారే వచ్చి, సౌభాగ్యమ్మ మధ్యాహ్నం మళ్ళీ పొయ్యి ముందు కూచోవాల్సి వచ్చింది.

తను వండిన పులుసు సౌభాగ్యమ్మ కూడా తినేది. తోమే రాయి పక్కన కూచుని, తన సత్తుపళ్ళెంలో, అడుగున మిగిలింది. రుచి బాగుందని జనం అంటున్న మాటలు గోడ ఇవతలికి వినపడేవి. ఆమెకి అందులో కోపమేమీ ఉండేది కాదు. చెయ్యి నాదని ఇంట్లో ఉన్న ఇద్దరికీ తెలుసుగదా, చాల్లే అనుకునేది. ఆ ఇద్దరిలో ఒకడు దాక పగలగొట్టి దొంగ అన్నాడు. రెండో మనిషి లోపలికి వెళ్ళిపోయింది. సాంబయ్య అన్న మాట ఆమె ఎక్కువ రోజులు గుర్తుపెట్టుకోలేదు. అతను అలాంటివాడేనని ముందే తెలుసు. లోపలికి వెళ్ళిపోయిన ఆవిడ వీపు మాత్రం కళ్ళముందు నించి కదల్లేదు.

ఊరు ఈ సంగతిని ఎలా సర్దుకుందో చెప్పుకోవాలి. సాంబయ్య పొయ్యి తవ్వించి కొత్తది వేయించాడు, పసుపునీళ్ళు చల్లించాడు, పూజ చేయించాడు. నెల తిరక్కుండా బ్రహ్మయ్య మళ్ళీ వచ్చి అదే బల్ల దగ్గర కూచున్నాడు. మూడేళ్ళు తను లొట్టలు వేసుకుంటూ తిన్నది ఎవరి వంటో తేల్చుకోవటం కంటే, ఆ ఒక్కరోజే మైలపడ్డాననుకోవటం ఆయనకి హాయి. పులుసులో మునుపటి రుచి లేదని ఆయనకీ తెలిసింది, అందరికీ తెలిసింది. "పాపం, సీతారావమ్మ గారికి జబ్బు ముదిరింది. చెయ్యి పడిపోయింది" అనుకున్నారు. పొయ్యి దగ్గర మనిషి మారిందని ఒక్కడికీ తట్టలేదు. తట్టకూడదు గనక తట్టలేదు.

పేటలో కూచుంటే పూట గడవదు. ఇశ్రాయేలు పెళ్ళాన్ని తీసుకుని జగ్గయ్యపేట దాటి గరికపాడు వెళ్ళాడు. జిల్లా సరిహద్దు. చెక్‌పోస్టు ముందు లారీలు బారులు తీరి గంటల తరబడి ఆగుతాయి. రోడ్డు పక్కన నాలుగు వాసాలు పాతి, తాటాకు కప్పి, రెండు బల్లలు వేశాడు. ఒక గుంజకి ఏసు ప్రభువు పటం తగిలించారు.

"దుర్గమ్మ పటం కూడా ఒకటి పెడదామే" అన్నాడు ఇశ్రాయేలు. "పక్కపక్కన ఉంటాయి. ఎవడికి కావాల్సింది వాడు చూసుకుంటాడు."

"వద్దు. ఒకసారి ఇంకొకళ్ళ చాటున ఉన్నా, చాలు" అంది సౌభాగ్యమ్మ. "తినేవాడు నన్ను చూసి తినాలి. లేకపోతే పోవాలి."

లారీలవాళ్ళు తిన్నారు. ఎక్కడెక్కడివాళ్ళో, ఎండకి మాడి, గ్రీజు చేతులతో వచ్చేవాళ్ళు. "అక్కా, బువ్వ ఉందా?" అని నల్లగొండ వైపు కుర్రాళ్ళు. "పిన్నీ, ఆ ముక్క కాదు, తలకాయ ముక్క!" అని ఏలూరు వైపు వాళ్ళు. వాళ్ళతో ఆమె నోరు కూడా పెద్దదయింది. "తలకాయ నీకెందుకురా, ఉన్నదే వాడటంలా!" అనేది. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్య రోజులు బాగానే జరిగాయి. కానీ జగ్గయ్యపేట నించి, నందిగామ నించి ఒక్క మనిషి వచ్చి ఆ బల్ల మీద కూచోలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ దోవన పోతూ ఆగితే, పాక అవతల నిలబడి బీడీ కాల్చుకుని పోయేవాళ్ళు. సౌభాగ్యమ్మ పొయ్యి దగ్గర నించి తలెత్తి చూసేది. తనని దొంగ అన్న ఊరి మనిషి ఒక్కడు, తనెవరో తెలిసి, కూచుని తిని, ఇది నీ చెయ్యి అంటే బాగుండునని ఉండేది. పైకి అనేది కాదు గానీ ఇశ్రాయేలుకి తెలుసు.

డెబ్భై తొమ్మిది వేసవిలో ఒక బస్సు గరికపాడు దగ్గర రేడియేటర్ పొగలు కక్కి ఆగిపోయింది. బెజవాడ నించి మెకానిక్కు రావాలన్నారు. సెలవులకి సముద్రం చూడబోతున్న హైదరాబాదు సంసారాలు దిగాయి. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పులుసు వాసన పాకలో నించి రోడ్డు దాకా వస్తోంది.

ఒక బట్టతల పెద్దమనిషి ముందుగా వచ్చి పాక బయట నిలబడ్డాడు.

"ఎవరిదమ్మా హోటలు?"

"నాదేనండి."

"అది కాదు. ఎవరిదీ అని."

"నాదేనంటున్నాగా. కూచోండి, వేడిగా ఉంది."

ఆయన కళ్ళు గుంజకున్న పటం మీద పడ్డాయి. "మాకు ఆకలి లేదులే" అన్నాడు. వెనక నించి ఆయన కూతురు, "నాకుంది నాన్నా!" అని గట్టిగా అరిచింది. "నోర్ముయ్" అన్నాడాయన.

అప్పుడు బస్సు కింద నించి నూనె చేతులు తుడుచుకుంటూ డ్రైవరు వచ్చాడు. రత్తయ్య. జుట్టు నెరిసింది గానీ మనిషి అదే. అతనికి సౌభాగ్యమ్మ తెలియదు. తెర వెనక తిన్నవాడు గోడ వెనక మనిషినెప్పుడు చూస్తాడు? కూచుని, ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఆమె వైపు చూశాడు.

"ఉల్లిపాయ నిప్పుల్లో కాల్చి వేశావు కదూ?"

నాలుగేళ్ళకి ఆ మాట అడిగిన మొదటి మనిషి. "అవునయ్యా" అంది సౌభాగ్యమ్మ.

రత్తయ్య లేచి నిలబడి బస్సు జనం వైపు తిరిగాడు. "ఏవండీ, రండి రండి, అనుమానం లేకుండా తినండి! ఇది మా నందిగామ సీతారావమ్మ గారి పులుసు! ఈ కిటుకు ఆ తల్లికి తప్ప ఇంకోళ్ళకి తెలవదు. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న మనిషి లాగుంది. అంతేనా అమ్మా?"

"కాదయ్యా. ఇది నాది. మా అమ్మ నేర్పింది."

"సరేలే, ఎవరు నేర్పితే ఏంలే" అని నవ్వాడు రత్తయ్య. "రండి, కూచోండి!"

జనం కూచున్నారు. బట్టతల పెద్దమనిషి కూడా కూచున్నాడు. సీతారావమ్మ అంటే ఎవరో ఆయనకి తెలియదు. అయినా పేరు వెనక 'గారు' ఉంది, ఎవరో పరువుగల ఇల్లాలి వంట. ఆ 'గారు' గుంజ మీద పటాన్ని కప్పేసింది. యాభై మంది తిన్నారు. ఆ బట్టతలాయన రెండోసారి పులుసు అడిగి పోయించుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఒకావిడ సౌభాగ్యమ్మతో, "మీ సీతారావమ్మ గారికి మా నమస్కారాలు చెప్పమ్మా" అంది.

ఆ రోజు దాక అడుగంటా ఖాళీ అయింది. ఇశ్రాయేలు సంబరపడ్డాడు. సౌభాగ్యమ్మ పొయ్యి ముందు కూచుని బూడిద తోడింది. సీతారావమ్మ ఇంట్లో నూనెకి ఏం కరువు, ఉల్లిపాయని నిప్పుల్లో ఎందుకు కాల్చుకుంటారు? ఒక్కళ్ళయినా ఆ మాట ఆలోచించలేదు. తన ఇంటి పేదరికం కూడా ఆవిడ పేరు మీదే రాసేశారు.

వారం తర్వాత రత్తయ్య మళ్ళీ వచ్చాడు, ఒక్కడే, ఒక ఉపాయంతో. "ఇక నించి నా బస్సు ఇక్కడే ఆపుతా. ఇంకో నలుగురు డ్రైవర్లకి కూడా చెప్తా. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. బోర్డు పెట్టు, సీతారావమ్మ భోజన హోటలు అని."

"నా పేరు పెడితే ఆపవా?"

రత్తయ్య తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. "నాకు నీ చెయ్యి చాలమ్మా. బస్సులో యాభై మందికి పేరు కావాలి. రోజూ నేను లేచి నిలబడి చెప్పలేను గదా."

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాల మధ్య పెద్ద రగడ అయింది.

"బస్సులు ఆగుతాయే! ఈ తాటాకు పాక మీద రేకులు పడతయ్. నేను క్వారీకి పోవాల్సిన పని ఉండదు" అన్నాడు ఇశ్రాయేలు. "పేరు ఎవరిదైతే నీకేంటంట? వండేది నువ్వేగా!"

"అక్కడా వండింది నేనేగా."

"అది వేరు!"

"ఏంటి వేరు? అక్కడ గోడ చాటున కూచున్నా. ఇక్కడ బోర్డు చాటున కూచోవాలి. దానికి ఇంత దూరం రావటం దేనికి?"

"మొండిదానివే నువ్వు" అని అతను కండువా దులిపి భుజాన వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

బోర్డు పెట్టలేదు. రత్తయ్య బస్సు వేరే చోట ఆగింది. ఖాళీ బస్సు తోలుకుపోతున్నప్పుడు మాత్రం అతను వచ్చి తినిపోయేవాడు. మరుసటి ఏడు కృష్ణా పుష్కరాలు వచ్చాయి. రోడ్డు ఇసకవేస్తే రాలనంత జనం. ఆ జనమంతా గరికపాడు పాకని దాటి, బోర్డులు చదువుకుంటూ బెజవాడ వైపు పోయింది. చెక్‌పోస్టులో లారీలు ఆగే వేళలు కూడా తగ్గాయి. ఇశ్రాయేలు జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి క్వారీలో పనికి కుదిరాడు. మూడేళ్ళు ఆ దుమ్ము మింగాడు. ఎనభై మూడులో దగ్గు పట్టుకుంది, తెల్లగా దుమ్ము కలిసిన కఫం పడేది. మంచాన పడ్డాక ఒకరోజు, కోపం లేకుండానే, "ఆ బోర్డేదో పెట్టుకుని ఉంటే ఇట్టా అయ్యేది కాదేమో సౌభాగ్యం" అన్నాడు. ఆమె అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ కూచుంది. ఆ క్రిస్మస్‌కి అతను లేడు.

ఆమె పాక మూయలేదు. మూసి ఎక్కడికి పోతుంది? కానీ లారీలవాళ్ళతో ఆడే నోరు పడిపోయింది. అడిగింది పెట్టేది, ఊరుకునేది. అతని ప్రాణం కంటే తన పంతం ఎక్కువైందా అని పొయ్యి ముందు కూచున్నప్పుడల్లా అనిపించేది. ఎక్కువైందనుకుంటే గుండె పగిలేది. కాదనుకుంటే అన్ని కష్టాలూ దేనికోసం పడ్డట్టు? దానికి జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆ రోజు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయినావిడ. ఆ మనిషి నోరు విప్పితే ఇశ్రాయేలు ఊరికే పోలేదని అయినా అనుకోవచ్చు.

ఎనభై ఆరు చలికాలంలో రత్తయ్య కబురు తెచ్చాడు. సాంబయ్య పోయాడు. హోటలు అంతకుముందే మూతపడింది. పిల్లలు లేరు. సీతారావమ్మ జగ్గయ్యపేటలో తమ్ముడు జగన్నాథరావు ఇంట్లో ఉంటోంది. ఉబ్బసం ముదిరి మంచం దిగటం లేదు.

"నన్ను చూసి ఏడిచిందమ్మా" అన్నాడు రత్తయ్య. "ఏమీ తినబుద్ధి కావటం లేదంట. మాటల్లో నీ పాక సంగతి చెప్పా. చెప్పంగానే లేచి కూచుంది. సౌభాగ్యాన్ని కాస్త పులుసు తెమ్మను రత్తయ్యా అంది. నీ పేరు ఆవిడకి తెలుసే!"

సౌభాగ్యమ్మ అతని ముఖంలోకి చూసింది. పదకొండేళ్ళ తర్వాత ఆవిడ నోట తన పేరు. అదీ ఇంకో మనిషి ముందర.

మర్నాడు పొద్దున్నే పాలేటి ఒడ్డుకి పోయి బతికున్న కొర్రమీను తెచ్చుకుంది. వండింది. ఆదివారం ప్రార్థనకి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. దాక చల్లారకుండా గోనె చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. దోవ పొడుగునా ఆవిడ ఏమంటుందో, తనేమనాలో మనసులో అనుకుంటూనే ఉంది. ఏడవకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

జగన్నాథరావు ఇల్లు మేడ. ముందు గేటు దగ్గర అతని భార్య రాఘవమ్మ ఎదురైంది.

"ఎవరూ? ఓహో, గరికపాడు మనిషివా? ఇట్టా కాదు, వెనక నించి రా. సందులో నించి."

వెనక వసారాలో నులకమంచం మీద సీతారావమ్మ దిండ్లకి చేరబడి ఉంది. ఎర్రంచు చీర లేదు, బొట్టు లేదు. ఎముకల గూడు. రాఘవమ్మ స్టీలు గిన్నె తెచ్చి అరుగు మీద పెట్టి దూరంగా జరిగింది. "ఇందులో వంచు. తగలకుండా, పైనించి."

సౌభాగ్యమ్మ వంచింది. రాఘవమ్మ అన్నం కలిపి పెట్టబోతే సీతారావమ్మ గిన్నె లాక్కుంది. తనే కలుపుకుని తినసాగింది. ఆయాసపడుతూ, ఆగుతూ, మళ్ళీ తింటూ. వాసనకి పక్కింటి దుర్గాంబ గోడ మీద నించి తొంగి చూసి, కొంగు సర్దుకుంటూ వచ్చేసింది.

"వారం నించి మెతుకు ముట్టలేదు మా వదిన!" అంది రాఘవమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుని. "ఏం వేశావే ఇందులో?"

సౌభాగ్యమ్మ సీతారావమ్మ వైపు చూసింది. ఇద్దరు వినేవాళ్ళు ఉన్నారు. పట్టపగలు. మూతపడటానికి హోటలు లేదు, తిట్టటానికి మొగుడు లేడు.

సీతారావమ్మ తింటున్న చెయ్యి ఆపింది. తల ఎత్తలేదు.

"ఏముంటది వేసేది" అంది. "నే నేర్పిందే. మర్చిపోలేదు ముండ."

"అదీ! మీ చేతి పులుసని ఊరంతా చెప్పుకునేవాళ్ళు కాదూ వదినగారూ!" అంది దుర్గాంబ. "మా ఆయన ఇప్పటికీ తల్చుకుంటాడు. నందిగామలో సీతారావమ్మ గారి చేతి ముద్ద తింటే ఇంకోటి నోటికి ఎక్కదనేవాడు."

మంచం మీద ఆ ఎముకల ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. సౌభాగ్యమ్మ ఆ వెలుగు చూసింది. దుర్గాంబా రాఘవమ్మా ఆ కబుర్లే చెప్పుకుంటూ మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళారు.

సౌభాగ్యమ్మ ఖాళీ దాకని గోనెలో చుట్టటం మొదలెట్టింది. సీతారావమ్మ చటుక్కున వంగి ఆమె మణికట్టు పట్టుకుంది. నందిగామలో ఆవిడ వంటింట్లో మూడేళ్ళు వండినా ఆవిడ చెయ్యి ఆమెకి తగలటం అదే మొదలు. పులుసు చెయ్యి.

"ఏమనుకోకే" అంది గొణుగుతూ. ఒక్కో మాటకీ ఆయాసం అడ్డం వస్తోంది. "నీదేనని నాకు తెలవదా? ఏ రోజు తెలవదు? ఆయన పోయాడు. హోటలు పోయింది. కడుపున ఒక్కళ్ళు లేరు. ఈ మరదలు పెట్టే మెతుకులు నువ్వు చూశావుగా. నన్ను మనుషులు తల్చుకునేది ఆ పులుసొక్కదానికే. అది గూడా తీసేసుకుంటావా సౌభాగ్యం?"

సౌభాగ్యమ్మకి ఇశ్రాయేలు పాదాలు గుర్తొచ్చాయి. ఆ పాదాల మీద తెల్లటి దుమ్ము, ఎంత కడిగినా పోనిది. నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి, బస్సులో కూర్చుకుని తెచ్చినవి. లోపల నించి రాఘవమ్మ గాజుల చప్పుడు దగ్గరవుతోంది. సీతారావమ్మ చెయ్యి వదిలేసి, దిండు మీదికి వాలి, ఏమీ జరగనట్టు కళ్ళు మూసుకుంది. వాళ్ళిద్దరూ కలవటం అదే ఆఖరు. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆవిడ పోయింది.

ఆ రోజు సౌభాగ్యమ్మ దాక చంకన పెట్టుకుని లేచింది. సందు మొదట్లో ఆగి, వెనక్కి తిరిగి, రాఘవమ్మకి వినపడనంత మెల్లగా అంది.

"ఆ పేరు ఉంచుకోండమ్మగారూ. నేను రేపు పొద్దున మళ్ళీ వండుకోవాలి."